అరుగులు నిలిపిన ఊరు: పుదుచ్చేరి పాత వీధులు నేర్పే నగర విజ్ఞానం

పుదుచ్చేరిలో సముద్రపు ఒడ్డున బయలుదేరి పడమటి వైపు నడిస్తే, అరగంటలోపే మూడు నాలుగు ఊళ్లు చూసి వచ్చినట్టు ఉంటుంది. మొదట పసుపు, తెలుపు రంగుల ఎత్తైన ప్రహరీలు, వాటి మీదుగా వీధిలోకి వంగిన కాగితపు పూల తీగలు, చెక్క రేకుల కిటికీలు కనిపిస్తాయి. తర్వాత ఒక కాలువ అడ్డొస్తుంది. అది దాటగానే ప్రహరీలు మాయమై అరుగులు మొదలవుతాయి. కర్ర స్తంభాల మీద వాలిన పెంకుల చూరు, దాని కింద సున్నపు అరుగు, చెక్కిన గుమ్మం, వాకిట్లో ముగ్గు. దక్షిణానికి మళ్లితే ఖాజీ వీధి, ముల్లా వీధి, మసీదులు. మధ్యలో 1791 నాటి పెద్ద చర్చి. వీధుల పేర్లు కొన్నిచోట్ల ఇప్పటికీ ఫ్రెంచిలోనూ తమిళంలోనూ రాసి ఉంటాయి.

ఇలాంటి పాత పేటలను కాపాడాలని ఎవరైనా అంటే, వెంటనే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. పర్యాటకులు వస్తారు కాబట్టి కాపాడాలని కొందరు, పాత ఇళ్లు పట్టుకుని కూర్చుంటే ఊరు ఎప్పుడు పెరుగుతుందని మరికొందరు. నగరాలను శాస్త్రీయంగా అధ్యయనం చేసేవారి ప్రశ్న వేరు. వేర్వేరు భాషల, మతాల, అలవాట్ల మనుషులు పక్కపక్కన బతికిన వీధికి, ఒకే అచ్చులో పోసిన కాలనీ వీధికి ఉండే తేడా ఏమిటి? ఆ తేడా నగర జీవితానికి ఏ మేలు చేస్తుంది? పుదుచ్చేరి వీధుల్లో దీనికి చాలావరకు జవాబు దొరుకుతుంది.

గళ్లు గీసి కట్టిన పట్టణం

పుదుచ్చేరి పాత పట్టణం నిలువు, అడ్డ గీతల చట్రంలో ఉంటుంది. 1693 నుంచి 1699 వరకు ఊరు డచ్చివారి చేతిలో ఉన్నప్పుడు ఈ గళ్ల నమూనా తయారైంది. తిరిగి వచ్చిన ఫ్రెంచివారు దాన్నే కొనసాగించారు. 1761లో ఆంగ్లేయులు పట్టణాన్ని పట్టుకుని నేలమట్టం చేశారు. కొన్నేళ్లకు ఫ్రెంచివారికి తిరిగి దక్కినప్పుడు అవే గళ్ల మీద ఊరు మళ్లీ లేచింది. ఇప్పుడు కనిపించే పాత ఇళ్లు ఆ తర్వాతి కాలానివే.

ఆ చట్రాన్ని ఒక కాలువ రెండుగా చీల్చింది. సముద్రం వైపుది తెల్లవారి పట్టణం, పడమటిది నల్లవారి పట్టణం. ఫ్రెంచివారు పెట్టిన పేర్లకు అర్థం అదే. పడమటి భాగంలోనూ కులానికో, వృత్తికో, మతానికో ఒక వరుస వీధులు ఉండేవి. వైశ్యుల పేరు మీద ‘వైశియాళ్ వీధి’ అలా ఏర్పడిందే. అంటే ఈ పట్టణాన్ని మనుషులను కలపడానికి గీయలేదు, విడదీయడానికి గీశారు. పాత పేటల అందం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

అయితే బతుకులు గీతల్లోనే నిలబడలేదు. తెల్లవారి భాగం నడిబొడ్డున, ఫ్రెంచివారు రాకముందు నుంచే ఉన్న మణక్కుళ వినాయకుడి గుడి ఉంది. పెద్ద చర్చి కాలువకు పడమట, తమిళుల భాగంలో ఉంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై (1709–1761) ఇల్లు తమిళుల భాగంలో ఉన్నా, అందులో రెండు సంప్రదాయాలూ కనిపిస్తాయి. తమిళంలో ఆయన రాసుకున్న దినచర్య పద్దెనిమిదో శతాబ్దపు దక్షిణ భారత చరిత్రకు విలువైన ఆధారం. తెలుగువారికి ఆయన మరో రకంగా పరిచయం. కస్తూరి రంగకవి రచించిన ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ ఆయన పేరు మీద వెలసిందే. తమిళ దుబాసీ, ఫ్రెంచి కొలువు, తెలుగు లక్షణ గ్రంథం ఒక్క మనిషి చుట్టూ చేరాయి.

పుదుచ్చేరిలో వాసవీ కన్యకా పరమేశ్వరి గుడి కూడా ఉంది. తెలుగు నేల మీది పెనుగొండతో ముడిపడిన దేవత అక్కడ కొలువై ఉంటే, గుడి కట్టడంలో స్థానిక పద్ధతితో ఫ్రెంచి పద్ధతి కలిసింది. గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా ఈ ఫ్రెంచి పాలనలోనిదే. 1954లో ఈ ప్రాంతాల పాలన భారత్ చేతికి వచ్చింది. 1962లో చట్టపరంగా విలీనం పూర్తయింది. యానాం ఇప్పటికీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం.

ఇంటికీ వీధికీ నడుమ

పుదుచ్చేరి తమిళ ఇంటికి వీధి వైపు రెండు పొరలు ఉంటాయి. మొదటిది ‘తాళ్వారం’. వీధి అంచు మీదకు దించిన పెంకుల చూరు ఇది. దీని కింద దారిన పోయేవారు ఎండకు, వానకు ఆగవచ్చు. రెండోది ‘తిణ్ణై’, అంటే మన అరుగు. వచ్చినవారు కూర్చోవడానికి, పిల్లలు చదువుకోవడానికి, పెద్దలు సాయంత్రం కబుర్లు చెప్పుకోవడానికి అది చోటు. గుమ్మం దాటాక నడవా, ఆపైన ‘ముట్రం’ అనే ఆకాశం కనిపించే నడిమి వాకిలి. కోనసీమ మండువా లోగిలి తెలిసినవారికి ఇది కొత్త కాదు.

ఫ్రెంచి ఇంటి పద్ధతి దీనికి తలకిందులు. వీధికి ఎత్తైన గోడ, పెద్ద గేటు చూపించి, తన తోటను, కమానుల వరండాను లోపల దాచుకుంటుంది. వీధితో దాని సంబంధం కిటికీల్లోంచే.

ఈ రెండూ ఒకే ఊళ్లో చాలాకాలం పక్కపక్కన ఉండటంతో మూడో రకం పుట్టింది. కింది అంతస్తులో తాళ్వారం, అరుగు, కర్ర స్తంభాలు. పై అంతస్తులో సున్నపు స్తంభాలు, కమాను కిటికీలు, పిట్టగోడ మీద అలంకారాలు. తమిళ కుటుంబాలు, స్థానిక తాపీ మేస్త్రీలు, వడ్రంగులు చూసి నేర్చుకుని తమ అవసరానికి మలచుకున్న రూపం ఇది. ఆ ఇంటి ముందు నిలబడితే కింద ఒక సంప్రదాయం, పైన మరొకటి కళ్లెదుటే కనిపిస్తాయి. రెండు సంస్కృతులు కలిసినప్పుడు ఒకటి మరొకదాన్ని మింగేయాల్సిన పనిలేదని చూపే సాక్ష్యం అది.

నీడ, గాలి, సున్నం

ఈ కట్టడాల రూపం వెనుక వేడి, తేమ, ఉప్పుగాలులతో శతాబ్దాల అనుభవం ఉంది.

పగలు నేల సముద్రం కంటే తొందరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లని గాలి ఒడ్డు వైపు వస్తుంది. పుదుచ్చేరిలో తూర్పు పడమరలుగా సాగే వీధులన్నీ ఈ గాలికి తెరిచిన దారులే. అయితే అలాంటి వీధిలో ఎండ కూడా చాలాసేపు ఉంటుంది. ఆ లోటును తాళ్వారం పూడుస్తుంది. నీడలో ఉన్న గోడ నేరుగా ఎండ తాకే గోడంత వేడెక్కదు. కాబట్టి వెనుక గదిలోకి దిగే వేడీ తగ్గుతుంది.

నడిమి వాకిలి పని వేరు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి అందులోకి దిగి గదుల్లోకి పాకుతుంది. పగలు వేడెక్కిన గాలి అదే దారిలో పైకి పోతూ, వీధి వైపు తలుపుల నుంచి కొత్త గాలిని లోపలికి లాగుతుంది. మందపాటి ఇటుక గోడలు పగటి వేడిని మెల్లగా పీల్చి, రాత్రి మెల్లగా వదులుతాయి.

ఇక సున్నం. ఆల్చిప్పలను గానీ సున్నపురాయిని గానీ దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. దానికి నీళ్లు కలిపితే తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, తయారవుతుంది. గోడకు పూసిన తర్వాత అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా గోడలోని తేమ ఆవిరై పోగలదు.

సముద్రపు ఊళ్లో ఇది చాలా ముఖ్యం. తేమతో పాటు ఉప్పు కూడా గోడలోకి చేరుతుంది. సున్నపు గోడకు సిమెంటు పూత వేస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉప్పు పూత వెనుకే స్ఫటికాలుగా పేరుకుని, ఉబ్బి, పెచ్చులుగా ఊడదీస్తుంది. మంచి ఉద్దేశంతో సిమెంటుతో చేసిన మరమ్మతే పాత ఇంటిని తొందరగా పాడుచేయడానికి కారణం ఇదే.

పర్యావరణ లెక్క కూడా ఉంది. ప్రపంచంలో మనుషులు వెలువరించే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు తయారీ వాటా 7–8 శాతమని అంచనా. ఒక ఇల్లు కూల్చి కొత్తది కడితే, పాత ఇటుకలకు, దూలాలకు ఖర్చైన శక్తి మట్టిలో కలుస్తుంది. కొత్త సిమెంటు, ఉక్కు, రవాణా ఖర్చు అదనంగా పడుతుంది. గట్టిగా ఉన్న ఇంటిని బాగుచేసి వాడుకోవడం చాలాసార్లు తక్కువ ఉద్గారాలున్న దారి.

నడిచే మనిషి లెక్క

గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషికి 100 మీటర్లు దాటడానికి 72 సెకన్లు పడుతుంది. ఆ వంద మీటర్లలో ఆరేసి మీటర్ల వెడల్పుతో 16 ఇళ్లుంటే, నాలుగైదు సెకన్లకు ఒకసారి కంటికి కొత్తది తగులుతుంది. ఒక గుమ్మం, ఒక కిటికీ, ఒక కుట్టు మిషను, ఒక పలకరింపు. అదే వంద మీటర్లు ఒకే గోడగానో, ఒకే పెద్ద దుకాణపు అద్దంగానో ఉంటే 72 సెకన్లూ ఒకే దృశ్యం. దూరం అంతే అయినా నడక బరువుగా తోస్తుంది.

డెన్మార్క్ నగర రూపశిల్పి యాన్ గేల్ దశాబ్దాల పాటు వీధుల్లో మనుషుల నడకను గమనించి ఈ విషయాన్నే చెప్పారు. ఇరుకైన ముఖభాగాలు, ఎక్కువ తలుపులు ఉన్నచోట జనం నెమ్మదిగా నడుస్తారు, తల తిప్పి చూస్తారు, ఆగుతారు. మూసిన గోడల ముందు వేగం పెంచి దాటిపోతారు.

అమెరికాకు చెందిన జేన్ జేకబ్స్ 1961లో వెలువడిన పుస్తకంలో సజీవమైన నగర వీధికి నాలుగు షరతులు చెప్పారు. ఒకే పేటలో ఒకటికి మించిన పనులు జరగాలి. వీధుల మధ్య దూరం తక్కువగా ఉండి మలుపులు ఎక్కువగా ఉండాలి. వేర్వేరు వయసుల కట్టడాలు కలిసి ఉండాలి. తగినంత మంది జనం ఉండాలి. ఇంటి ముందు, దుకాణం ముందు సహజంగా ఉండే మనుషుల చూపే వీధికి మొదటి కాపలా అని కూడా ఆమె వివరించారు. పుదుచ్చేరి పాత పట్టణం ఈ షరతులకు చాలా దగ్గరగా ఉంటుంది. చిన్న గళ్లు, గుడి పక్కన కొట్టు, కొట్టు పక్కన ఇల్లు, వందేళ్ల ఇంటి పక్కన నిన్నటి ఇల్లు. జేకబ్స్ చెప్పిన కాపలా చూపుకు ఇక్కడ అరుగే పీట.

పాత కట్టడాలకు మరో ఆర్థిక విలువ ఉంది. కొత్త భవనం కట్టిన అప్పు తీరాలంటే అద్దె ఎక్కువ ఉండాలి. చెప్పులు కుట్టే వ్యక్తి, పాత పుస్తకాల కొట్టు, చిన్న టిఫిన్ సెంటర్ ఆ అద్దె కట్టలేరు. అప్పు ఎప్పుడో తీరిపోయిన పాత ఇళ్లే వారికి చోటిస్తాయి.

పక్కపక్కన ఉంటే సరిపోతుందా?

వేర్వేరు సమూహాలు ఒకేచోట ఉన్నంత మాత్రాన స్నేహం పుడుతుందా? మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో దీనికి ఒక జాగ్రత్తైన జవాబిచ్చారు. సమూహాల మధ్య పరిచయం పెరిగితే అపోహలు తగ్గుతాయి, అయితే కొన్ని షరతులు ఉంటే ఇంకా బాగా తగ్గుతాయి. ఇద్దరూ సమాన హోదాలో కలవాలి, ఉమ్మడి పని ఉండాలి, సహకారం ఉండాలి, చట్టం, సంస్థలు దానికి అండగా ఉండాలి. ఆ తర్వాత అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలు ఈ ఆలోచనను చాలావరకు బలపరిచాయి.

పుదుచ్చేరి చరిత్రకు ఈ కొలబద్ద పెడితే రెండు విషయాలు తేలుతాయి. గీత గీసిన కాలంలో సమాన హోదా లేదు. పాత అరుగు కూడా అందరికీ ఒకేలా తెరిచి ఉండేది కాదు, ఎవరు ఎక్కడ కూర్చోవచ్చో కులం నిర్ణయించేది. పాత పేటను కాపాడటమంటే ఆ నియమాలను కాపాడటం కాదు. ఆ నియమాలు పోయాక మిగిలిన చోటును, అంటే అందరూ ఎదురుపడే నీడను, ఇప్పటి సమాన పౌరులకు అందించడం. కట్టడం పాతదే అయినా దాని వాడకం కొత్తది కాగలదు.

కూలుతున్నది ఎందుకు?

2014 నవంబరులో భారీ వర్షాల తర్వాత పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున ఉన్న పురపాలక భవనం ‘మేరీ’ కుప్పకూలింది. 1870 ప్రాంతంలో కట్టిన ఆ భవనాన్ని తర్వాత పాత రూపంలోనే తిరిగి నిర్మించి, 2021లో ప్రారంభించారు. ప్రభుత్వ భవనం కాబట్టి కూలినా మళ్లీ లేచింది. సామాన్యుల ఇళ్లకు ఆ అవకాశం తక్కువ.

తమిళుల భాగంలోని ఇల్లు పోవడానికి కారణాలు చాలా మామూలువి. తాత కట్టిన ఒక్క ఇంటికి పదిమంది వారసులు, కొందరు ఫ్రాన్స్‌లో, కొందరు చెన్నైలో. పంచుకోవాలంటే అమ్మడమే దారి. ఇంటి కంటే స్థలానికే ధర ఎక్కువ. గానుగ సున్నం కలపడం తెలిసిన మేస్త్రీ దొరకడు. అరుగు మూసి షట్టరు వేస్తే దుకాణం అద్దె వస్తుంది. వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ ఒక్కొక్క ఇంటి న్యాయమైన నిర్ణయాలన్నీ కలిస్తే వీధి మొత్తం పోతుంది. ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆస్తి చిక్కు అనేది ఇలాంటిదాన్నే. వీధి అందం అందరిదీ, దాన్ని నిలిపే ఖర్చు మాత్రం ఒక్కొక్కరిదీ.

ఆ ఖర్చు పంచుకుంటే ఏం జరుగుతుందో వైశియాళ్ వీధి చూపింది. ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో ఐరోపా సంఘం ‘ఏషియా అర్బ్స్’ కార్యక్రమం సాయంతో పుదుచ్చేరి పురపాలక సంఘం, ఫ్రాన్స్‌లోని విల్‌నవ్ సుర్ లో, ఇటలీలోని ఉర్బీనో పట్టణాలు కలిసి ఒక ప్రాజెక్టు చేపట్టాయి. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ సాంకేతిక సాయం చేసింది. ఒక్కో భవనాన్ని విడిగా ఎంచుకోకుండా, వీధి వరుసను ఒకే వస్తువుగా చూశారు. ఖర్చులో కొంత ఇంటివారు భరించారు. తాళ్వారాలు, అరుగులు తిరిగి వచ్చాయి. 2008లో ఈ వీధికి యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో ఒకటి దక్కింది.

గోడలు మిగిలి మనుషులు వెళ్లిపోతే

పరిరక్షణ గెలిచినచోట మరో ప్రమాదం మొదలవుతుంది. పేట అందంగా మారగానే ధరలు పెరుగుతాయి. ఇల్లు హోటలవుతుంది, నడిమి వాకిలి కాఫీ బల్లలతో నిండుతుంది. కట్టడం బతుకుతుంది, నిజమే. కానీ సాయంత్రం అరుగు మీద కూర్చునేది ఆ వీధివారు కాదు.

కేరళలోని మట్టాంచేరి దీనికి మరో కోణం చూపుతుంది. 1568 నాటి పరదేశి యూదుల ప్రార్థనా మందిరం అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన తర్వాత కేరళ యూదుల్లో ఎక్కువమంది అక్కడికి వలస వెళ్లారు. అది బలవంతపు తరలింపు కాదు, వారు కోరుకున్న ప్రయాణం. అయినా మనుషులు వెళ్లాక ఆ వీధిలో మిగిలింది పురాతన వస్తువుల కొట్లు, పర్యాటకులు, ఒక జ్ఞాపకం. గోడలు ఒక సంస్కృతిని కొంతకాలం గుర్తుచేయగలవు కానీ దాన్ని బతికించలేవు.

అందుకే పరిరక్షణ ఆలోచనే మారింది. యునెస్కో 2011లో ఆమోదించిన చారిత్రక నగర దృశ్యాల సిఫారసు, విడి కట్టడాలతో పాటు వీధి చట్రం, వాడుకలు, వృత్తులు, అక్కడి జనం అన్నీ కలిపి చూడాలని చెబుతుంది. ఆచరణలో దీనికి కొన్ని దారులు ఉన్నాయి. పాత ఇంటిని కూల్చనందుకు యజమాని కోల్పోయే నిర్మాణ హక్కును మరోచోట వాడుకునేలా, అమ్ముకునేలా బదిలీ చేయవచ్చు. మరమ్మతులకు చిన్న గ్రాంటులు, సున్నం పనిలో యువ మేస్త్రీలకు శిక్షణ ఇవ్వవచ్చు. ఒక వీధిలో ఎన్ని ఇళ్లు హోటళ్లు కావచ్చో పరిమితి పెట్టవచ్చు. కొత్త ఇల్లు కట్టినా వీధి వైపు చూరు, అరుగు ఉండేలా నియమం చేయవచ్చు.

చివరిది అన్నిటికంటే చౌక. కొత్త కాలనీల్లోనూ సాధ్యమే. నీడ ఉన్న ఒక అరుగుకు పట్టే స్థలం కొద్దిపాటిదే. దాన్ని ప్రహరీ లోపలికి లాక్కుంటే ఇంటికి ఆ కాస్త చోటు కలిసి వస్తుంది. వీధి వైపు వదిలితే ఎండకు ఆగే కూరగాయల అమ్మికి, బడి నుంచి వచ్చే పిల్లలకు, భాష సరిగా రాని కొత్త అద్దెదారుకు ఒక చోటు దొరుకుతుంది. పుదుచ్చేరిలో ఏ వీధిలో పరిరక్షణ పని నిజంగా ఫలించిందో తెలుసుకోవాలంటే రంగులు చూడనక్కరలేదు. సాయంత్రం ఆరు గంటలకు ఆ అరుగుల మీద ఎవరు కూర్చున్నారో చూస్తే చాలు.